మా ఇంటి సబ్‌స్టేషన్

కామారెడ్డిలో మా ముందుగదిలోకి వచ్చినవాళ్లు మొదట చూసేది నన్ను కాదు, మూలనున్న లైటును. పాత స్టార్టర్ డబ్బా, దాని నెత్తిన ఇనుప పైపు, పైపు మీద బోర్లించిన మేదరి బుట్ట, బుట్టలో ఎల్‌ఈడీ బల్బు. డబ్బా మొహాన ముల్లున్న వోల్ట్ మీటరు. "ఎవరు చేసిండ్రు?" అని అడుగుతారు. "ఏదో, ఖాళీగా ఉన్నప్పుడు..." అని వినయంగా తల వంచుకుంటాను. ఆ వినయం ఒక్కటే ఇందులో నా సొంత తయారీ.

డబ్బాది ఎల్లారెడ్డి. మా మామగారి చెరకు తోటలో బోరు మోటరుకు కాపలా కాసింది. వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు మొదలైంది 2018 జనవరి 1న. అంతకుముందు త్రీఫేజు ఏ జామున వస్తుందో తెలియక ఆయన బోరు పక్కనే మంచం వేసుకునేవారు. కరెంటు వస్తే చాలదు, ఎంత వచ్చిందో చూడాలి. ఫేజుకూ ఫేజుకూ మధ్య 415 వోల్టులు ఉండాల్సింది, ముల్లు మూడొందల దగ్గర మూలుగుతుంటే మోటరు వేయకూడదు. వేస్తే వైండింగు కాలుతుంది, పంట డబ్బులు రిపేరుకు పోతాయి. ఆ ముల్లు మీద టార్చి వేసి చూస్తూ ఆయన ఎన్ని రాత్రుల నిద్ర పోగొట్టుకున్నారో! నేను అదే ముల్లును చూసి "వింటేజ్" అన్నాను. "పాత సామాన్లోనికి ఏస్తే పైసలన్న వస్తుండె" అంది అత్తమ్మ.

నా ప్లాను సులువే. మీటరుకు రెండు బోల్టులు, బల్బుకు రెండు వైర్లు, ప్లగ్గుకు రెండు పిన్నులు. ఇందులో పెద్ద చదువేముంది? బామ్మర్ది ఎల్లారెడ్డిలో మోటర్ వైండింగు పని చేస్తాడు. నేను గీసిన బొమ్మ చూసి, "బావా, గిది లైటా, బాంబా?" అన్నాడు.

డబ్బాకు రెండు మీటర్లుండేవి. ఒకదాని మీద 'వి', ఇంకోదాని మీద 'ఎ'. అద్దం మెరుస్తోందని నేను బొమ్మలో రెండోదాన్ని గీశాను. అది అమ్మీటరట. కరెంటు దాని గుండానే బల్బుకు పోవాలి. లోపల అడ్డుకునేదేమీ ఉండదు కనుక దాన్ని తెచ్చి ఫేజుకూ న్యూట్రలుకూ మధ్య కట్టామా, ఢామ్మే. అలా కట్టాల్సింది వోల్ట్ మీటరును.

"భయమైతే 12 వోల్టుల అడాప్టరు పెట్టి చిన్న డీసీ మీటరు బిగించుకో, ముట్టుకున్నా ఏం కాదు" అన్నాడు. నిజానికి అదే తెలివైన పద్ధతి. కానీ అప్పుడు ముల్లు ఎల్లకాలం 12 మీదే కూర్చుంటుంది. కదలని ముల్లు నాకెందుకు?

"అట్లయితే చెప్పినట్టు ఇను. డబ్బా రేకుది. లోపల వైరు ఊడి రేకుకు తగిలిందనుకో, లైటు మంచిగనే ఎలుగుతది. ముట్టుకున్నోడే ఆరిపోతడు."

ఆ ఒక్క మాటతో నా కళాదృష్టి సగం దిగిపోయింది. రెండు పిన్నుల ప్లగ్గు పోయి మూడు పిన్నులది వచ్చింది. పెయింటు గీకి, మెరిసే ఇనుము మీద ఎర్తు వైరు బోల్టు బిగించాడు. తలుపు కీలును నమ్మలేమని తలుపుకు వేరే ఎర్తు ముక్క వేశాడు. ఫేజు మీద ఒక ఆంపియర్ ఫ్యూజు, తర్వాత స్విచ్చి, ఆ తర్వాతే బల్బూ మీటరూ. ఇంట్లో ఎంసీబీ ఉంది కదా, ఈ ఫ్యూజెందుకని అడిగాను. "అది గోడల వైరును కాపాడతది, నీ సన్న వైరును కాదు" అన్నాడు. మీటరు వెనక బోల్టులకు ప్లాస్టిక్ మూత, వైరు దూరే రంధ్రానికి రబ్బరు బుష్షు. పాత అరవై వాట్ల బల్బయితే బుట్ట మాడుతుందని ఎల్‌ఈడీ. ఆఖరికి మా ప్లగ్గు రంధ్రాల్లో టెస్టర్ పెడితే కుడివైపు ఉండాల్సిన ఫేజు ఎడమవైపు వెలిగింది. ఇల్లు కట్టినప్పటి నుంచీ అంతేనట! దాన్ని మార్చి, మెయిన్ బోర్డులో, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాకే నన్ను స్విచ్చి ముట్టనిచ్చాడు.

ఇంత పనిలో నా పాత్ర టార్చి పట్టుకోవడం. అదీ వంకరగా పట్టానని తిట్లు. మంజీర మీద నిజాంసాగర్‌ను 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేశారు. నాకే వదిలేస్తే పెయింటు గీకడానికే అన్నేళ్లు పట్టేదని మా ఆవిడ లెక్క.

స్విచ్చి వేస్తే ముల్లు లేచి 230 దగ్గర, అంటే 500 దాకా ఉన్న స్కేలులో సగానికి కాస్త ఇవతల, ఊగి నిలబడింది. వెనకటి బల్బులైతే వోల్టేజీ పడగానే ఎర్రబడి తామే చెప్పేసేవి. ఎల్‌ఈడీకి ఆ నిజాయితీ లేదు, 190లోనూ నవ్వుతూనే ఉంటుంది. కాబట్టి సాయంత్రం పూట వోల్టేజీ ప్రకటించే ఉద్యోగం నేను తీసుకున్నాను. ఎక్కువ రోజులు నిలవలేదు. ఇప్పుడు వంటింట్లోంచే తల వంచి ముల్లు చూసి, "190 ఉంది, నీళ్ల మోటరు ఎయ్యకుండ్రి" అని మా ఆవిడే చెబుతోంది.

మిగిలిన అమ్మీటరుతో ఇంకో లైటు చేద్దామని మొన్న బామ్మర్దికి ఫోన్ చేశాను. అది ముప్పై ఆంపియర్లది, మన బల్బు ఆంపియర్‌లో పదో వంతు కూడా తాగదు, ముల్లు కదలనే కదలదు అన్నాడు. పక్కనుంచి మా ఆవిడ అందుకుంది: "వద్దని చెప్పు తమ్ముడూ. కదలకుండ కూసునేటోళ్లు ఇంట్ల ఒక్కరు చాలు."