శంషాబాద్ దేవుళ్లకు చాకిరీ ఎక్కువ

విమానం శంషాబాద్‌లో దిగే ముందు, ఎండ సరిగ్గా పడితే, ముచ్చింతల్ వైపు ఒక ఆకారం బంగారంలా మెరుస్తుంది. 216 అడుగుల రామానుజాచార్యులు. ‘‘అదిగో సమతామూర్తి!’’ అంటూ మా పక్క సీటాయన ఫోను తీసి ఫొటో కొట్టి, అక్కడికక్కడే దణ్ణం పెట్టుకున్నాడు. వాళ్లింట్లో పనిమనిషికి టీ గ్లాసు వేరే.

వెయ్యేళ్ల కిందట తిరుక్కోష్టియూరు గోపురమెక్కి, గురువు గుట్టుగా చెప్పిన మంత్రాన్ని ఊరందరికీ వినిపించాడట ఆ మహానుభావుడు. నరకానికి పోతావని హెచ్చరించినా లెక్కచేయలేదట. పైసా తీసుకోలేదు. మనం ఆయన్ని పంచలోహాల్లో పోతపోయించాం. ఆ పోత పనీ మనది కాదు, చైనా కంపెనీది. లోపల 120 కిలోల బంగారు మూర్తి, ఆయన బతికిన ప్రతి ఏటికీ ఒక కిలో. 2022 ఫిబ్రవరి 5న ప్రధాని వచ్చి మహావిగ్రహాన్ని ఆవిష్కరించారు. ఇప్పుడు సమతను చూడాలంటే టికెట్ కొనాలి. అంత ఎత్తున పెట్టాక అదిక ఎవరి చేతికీ అందదు. మనక్కావలసిందీ అదే.

నిజానికి ఈ చుట్టుపక్కల సమత కాస్తో కూస్తో అమలవుతున్నది ఎయిర్‌పోర్టు తనిఖీ దగ్గరే. కోటీశ్వరుడైనా బెల్టు విప్పి, చేతులు చాపి నిలబడాల్సిందే. (తనిఖీ అక్కర్లేని ప్రముఖుల జాబితా కూడా అక్కడే బోర్డు మీద ఉంటుంది. తొందరపడి మురిసిపోకండి.)

ఇక సినిమావాళ్ల సృజన సంగతి. శంషాబాద్ పక్కనే అమ్మపల్లి సీతారామాలయం ఉంది. పాత గోపురం, కోనేరు, కొబ్బరిచెట్లు, చూడముచ్చటైన చోటు. అక్కడ మొదటి షాట్ తీస్తే సినిమా హిట్టని మన దర్శకుల నమ్మకం. ఫ్లాపైన సినిమాలకూ అక్కడ కొబ్బరికాయ కొట్టే ఉంటారు కానీ, కాయలకు లెక్క రాసేదెవరు? కథ రాయడానికి మూడు వారాలు, ముహూర్తం చూడటానికి మూడు నెలలు. రాముడు రావణుణ్ణైతే చంపాడుగానీ, సెకండాఫ్‌ను బతికించడం ఆయన తరమా?

అందరికన్నా చాకిరీ ఎక్కువ చిలుకూరు బాలాజీకి. కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. హుండీ లేదు, వీఐపీ దర్శనం లేదు. డబ్బు వద్దన్న దేవుణ్ణి మనం డాలర్లే అడిగాం. జనం ఆయనకు వీసా బాలాజీ అని పేరు కూడా పెట్టేశారు. 2025 సెప్టెంబరులో ట్రంప్ కొత్త హెచ్-1బి దరఖాస్తు మీద లక్ష డాలర్ల రుసుము వేశాడు. దాని మీద అప్పీలు కూడా బాలాజీ దగ్గరికే వెళ్లింది. ఇక్కడి ఉద్యోగాల సంగతి ఏ దేవుణ్ణీ అడగం, ఏ నాయకుణ్ణీ అడగం.

వీసా వచ్చిన కుర్రాడు 108 పూర్తిచేసి, మొక్కు చెల్లిందని చెంపలేసుకుని విమానమెక్కుతాడు. నాలుగేళ్లకు వాళ్లమ్మ మోకాళ్ల నొప్పులతో అదే గుళ్లో మళ్లీ 11 మొదలుపెడుతుంది, కొడుకు దసరాకైనా ఇంటికి రావాలని.