బల్ల మీద వైర్లు మాయం చేసే ఉపాయాలు

2020 మార్చిలో లాక్‌డౌన్ పడినప్పుడు బెంగుళూరు నుంచి, హైదరాబాదు నుంచి చాలామంది పిల్లలు ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఇళ్లకు చేరారు. కొందరు ఇంకా ఇక్కడే ఉండి ఉద్యోగం చేస్తున్నారు. బీరువాకూ మంచానికీ నడుమ ఒక బల్ల. దాని మీద ల్యాప్‌టాప్ చార్జరు, మానిటర్ వైరు, రూటరు, ఫైబర్ డబ్బా, ఫోన్ చార్జర్లు రెండు, టేబుల్ ఫ్యాను. కింద ఇన్వర్టరు నుంచి వచ్చేది ఒకటి, ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ గుర్తులేనిది ఇంకొకటి.

వీటిని సర్దే పద్ధతి ఒకటి అందరూ చెబుతారు. అన్నీ పీకాలి, ఏది దేనిదో చీటీ అంటించాలి, మిగిలిన పొడవు వదులుగా చుట్టాలి, బల్ల కింద పీవీసీ పట్టీ కొట్టి అందులో నడిపించాలి. ఆదివారం మొత్తం దానికే సరిపోతుంది. ఆదివారం ఉన్నది నిద్రకు. మనకు కావలసింది వైర్లు తగ్గడం కాదు, మనం చేసే పని తగ్గడం. వైర్లు కనపడకపోతే చాలు. కింది ఉపాయాలు వరసగా పాటించండి, బల్ల అద్దంలా అవుతుంది.

1. ఏ వైరునూ లెక్కపెట్టకండి, కొలవకండి. గాంధీ రోడ్డులో అంగడికి పోతే "ఎన్ని మీటర్లు కావాలన్నా?" అని అడుగుతారు. "ఉన్నదాంట్లో పొడుగుది, అగ్గువది ఇయ్యి" అనండి. ఐఎస్ఐ గుర్తు ఉందా అని చూడాలంటే డబ్బా తిప్పాలి. తిప్పకండి.

2. గదిలో మూడు ప్లగ్గులు ఉన్నా ఒక్కదాన్నే వాడండి. మూడు చోట్ల వైర్లు వేలాడితే అసహ్యం, అన్నీ ఒకే చోట నుంచి వస్తే పద్ధతి. ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు గుచ్చండి. అది నిండాక దాంట్లో రెండోది, రెండోదాంట్లో మూడోది. ఇంట్లో ఎలక్ట్రీషియన్ బంధువు ఉంటే లెక్క మొదలుపెడతాడు: మామూలు ప్లగ్గు 6 ఆంపియర్లది, 230 వోల్టులతో గుణిస్తే 1380 వాట్లు, అంతకు మించి లాగకూడదు అంటాడు. ఆ లెక్క మనకే మేలు. ల్యాప్‌టాప్ 65 వాట్లు, మానిటర్ ముప్పై, రూటరు పది. ఇంకా ఎంత చోటు మిగిలిందో చూశారా? ఇస్త్రీపెట్టె తెచ్చి పెట్టండి, అదొక 1000. అమ్మ మిక్సీ అందులోనే పెట్టుకుంటానంటే కాదనకండి, అదొక 750. మొత్తం 1380 దాటింది కదా అని ఎవరైనా అంటే, బోర్డుకు ఇంకా రెండు రంధ్రాలు ఖాళీగా ఉన్నాయని వేలు పెట్టి చూపించండి. రంధ్రం ఉందంటే నింపమనే. బయట కూలరు ఉందిగా, దాన్నీ లోపలికి లాగండి.

3. మూడో పిన్ను విరగ్గొట్టండి. పాత ఇళ్లలో రెండు రంధ్రాల ప్లగ్గులే ఉంటాయి, మూడు పిన్నులది పట్టదు. కొందరు గోడ పగలగొట్టించి కొత్త బోర్డు వేయించి, ఎర్త్ లాగిస్తారు. ఖర్చు, పైగా దుమ్ము. ఎర్త్ పిన్ను మిగతా రెండింటికన్నా పొడవు ఎందుకంటే, గుచ్చేటప్పుడు అదే ముందు తగలాలి, పీకేటప్పుడు అదే చివర వదలాలి. పొడవుగా ఉంది కాబట్టి కటింగ్ ప్లేయరుకు బాగా దొరుకుతుంది. ప్లేయరు లేదా? ప్లగ్గే కోసి పారేసి, రెండు తీగల కొసలు గీకి, రంధ్రాల్లో దోపి, కదలకుండా చెరొక అగ్గిపుల్ల బిగించండి. అగ్గిపుల్ల మందు ఉన్న వైపు లోపలికి పెట్టాలా బయటికా అని ఆలోచిస్తూ కూర్చోకండి. ఎటైనా ఒకటే.

దీనివల్ల ఇంకో లాభం ఉంది. ఇనప డబ్బా ఉన్న కంప్యూటరు ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటుంది. మధ్యాహ్నం రాగి సంగటి తిని మూడు గంటల మీటింగులో కూర్చున్నవాడికి అంతకన్నా మంచి మెలకువ ఏముంటుంది? ఎండాకాలం చల్లదనానికి కడప బండల మీద నీళ్లు చల్లుతారు కదా, ఆ తడి మీద ఉత్త కాళ్లు ఆనించి కూర్చోండి. మెలకువ బాగా పనిచేస్తుంది.

4. మిగిలిన పొడవంతా గట్టిగా చుట్టి కట్టేయండి. ట్యాగులు కొనకండి. పాత లంగా నాడా చాలు, ముడి మీద ముడి వేయండి. ఆ చుట్టను పరుపు కింద తోయండి, లేదా బొంత కప్పండి. కరెంటు పారే వైరు వేడెక్కుతుంది, చుట్టి ఉంటే ఆ వేడికి పోయే దారి ఉండదు, అందుకే పూర్తిగా విప్పి వాడమని కొన్ని ఎక్స్‌టెన్షన్ చుట్టల మీద రాసి ఉంటుంది. ఆ కాగితం చింపేయండి, చూడటానికి బాగుండదు. మే నెలలో మన ఊళ్లలో నలభై డిగ్రీలు దాటుతుంది. అప్పుడు పరుపు వెచ్చగా ఉంటే అది ఎండదో వైరుదో ఎవరూ తేల్చలేరు. డిసెంబరులో అయితే రెండో దుప్పటి అక్కర్లేదు.

5. ఫైబర్ తీగను మూల దగ్గర ఒక్క మడత పెట్టి మేకు కొట్టండి. ఆ తీగ లోపల ఉన్నది గాజు, వెంట్రుకంత సన్నం, అందులో పోయేది వెలుతురు. వంపు మరీ ఇరుకైతే వెలుతురు పక్కకు కారిపోతుందని, గుండ్రంగా తిప్పాలని బిగించడానికి వచ్చిన పిల్లోడు చెప్పే ఉంటాడు. గుండ్రంగా తిప్పితే జానెడు చోటు పోతుంది. మడత పెడితే గోడకు అంటుకుని ఉంటుంది, పైగా నెట్ రోజుకు నాలుగుసార్లు పోతుంది. ఆ నాలుగుసార్లూ మీవే.

6. నెట్ పోయినప్పుడు చెప్పే సాకు ముందే రాసి పెట్టుకోండి. అన్నింటికన్నా శ్రద్ధ పెట్టాల్సింది ఈ ఒక్క పనికే. "నెట్ లేదు సార్" అంటే ఎవరూ నమ్మరు. ఊరికి తగ్గట్టు ఉండాలి. పులివెందులలో ఉంటే "చీనీకాయల లారీ తగిలి స్తంభం మీద తీగ తెగింది సార్" అనండి, చీనీ తోటలు లేవని పై అధికారి అనలేడు. అరటి గెలల లారీ అయినా పనికొస్తుంది, నెలకొకటి మార్చండి. ప్రొద్దుటూరులో దసరా వచ్చిందంటే మీకు పండగే. అమ్మవారిశాల ఉత్సవాలు ఊరంతా తెలిసినవి, "ఊరేగింపుకు అడ్డమని తీగలు దించినారు సార్" అంటే పది రోజులూ నడుస్తుంది. జమ్మలమడుగు వాళ్లకు గండికోట ఉంది. ఇంటికి వచ్చిన చుట్టాలను కోట చూపించడానికి పోయి, పెన్న లోయ దగ్గర సిగ్నల్ లేదని చెప్పండి. చుట్టాలు రాకపోయినా చెప్పండి.

కరెంటు పోయిందని చెబితే గడుసు అధికారి ఒకడు మ్యాపు చూసి అడుగుతాడు: "మీ ఊరి పక్కనే రాయలసీమ థర్మల్ స్టేషన్ ఉంది కదా, 1650 మెగావాట్లది, మీకు కరెంటు లేకపోవడమేమిటి?" తడబడకండి. "దీపం కిందే చీకటి సార్" అని ఫోన్ పెట్టేయండి.

7. అన్నం బల్ల దగ్గరే తినండి. బొరుగులు వైర్ల మీద రాలనివ్వండి, కారం దోసె నూనె చేతులతోనే చార్జరు గుచ్చండి. వారంలో ఎలుకలు వస్తాయి. ఎలుక ముందుపళ్లు పెరుగుతూనే ఉంటాయి, అరగదీయడానికి ఏదో ఒకటి కొరకాలి. వైరు మీది ప్లాస్టిక్ దానికి సరిగ్గా సరిపోతుంది. మీరు కత్తెర పట్టకుండానే వైర్లు తగ్గుతాయి. పై తొడుగు పోయి రాగి బయటపడితే టేపు చుట్టకండి. ఏది ఎక్కడ కొరికిందో కనిపిస్తూ ఉంటుంది.

8. పాత వైరు ఏదీ పారేయకండి. సన్నపిన్ను నోకియా చార్జరు, కంప్యూటరే లేని ప్రింటరు వైరు, అన్నీ ఒక సిమెంటు సంచిలో కుక్కి సజ్జ మీద పెట్టండి. అవసరం పడిన రోజు సంచి దించకుండా కొత్తది కొనండి.

9. ఫీజు సంగతి. పై ఉపాయాలు సరిగ్గా పాటిస్తే ఫీజు తరచూ పోతుంది. ఎంసీబీ ఉన్న ఇంట్లో అయితే టక్కున పడిపోతుంది. ఇది ఒక్కటే మీ దారికి అడ్డం. ఇల్లంతటిలో బలహీనమైన తీగ ఫీజులోనే పెడతారు, ఎక్కువ కరెంటు వస్తే గోడలో వైరు కాలకముందే అది కాలి తెగిపోవాలని. మన ఇంట్లో బలహీనత ఎందుకు? సన్నతీగ తీసేసి, పాత వైరులోంచి లాగిన లావు రాగి పోగులు నాలుగు మెలివేసి బిగించండి. మళ్లీ పోతే ఎనిమిది. ఇక ఏ రాత్రీ మీ నిద్ర చెడదు.

10. వాసన వస్తే కిటికీ తెరవకండి, లేచి చూడకండి. అగరుబత్తి వెలిగించండి, అదీ ఆ బోర్డు పక్కనే. అమ్మ వంటింట్లోంచి "ఏందిరా, కాలిన వాసన వస్తాంది?" అంటుంది. "ఏమీ లేదులేమ్మా, పక్కింటోళ్లు మిరపకాయలు ఏంచుతాండారు" అనండి. నాయన "మెయిన్ ఆపు" అంటే, మీటింగులో ఉన్నానని చెవి వైపు చూపించండి. గోడ నల్లబడితే దాని మీద దేవుడి క్యాలెండరు తగిలించండి. ఫైరింజను నంబరు 101 గుర్తు పెట్టుకోవాల్సిన పని లేదు. ఫోన్ కూడా ఆ బోర్డుకే గుచ్చి ఉంటుంది కాబట్టి ఎలాగూ అందదు.

ఇంతవరకూ వచ్చారంటే ఒక రాత్రి పని పూర్తవుతుంది. తెల్లారి చూస్తే బల్ల మీద చార్జరు లేదు, రూటరు లేదు, తీగ ముక్క లేదు. బల్ల కూడా సగమే ఉంటుంది, కాబట్టి మళ్లీ సర్దే బాధ లేదు. కంపెనీ ల్యాప్‌టాప్ ఏమైందని అడిగితే ఆరో ఉపాయంలో మిగిలిపోయిన సాకు ఒకటి తీయండి. జీతం ఆపితే ఆపనీ, మీటింగులు కూడా ఆగిపోతాయి. ఇల్లు బాగుచేయించే నెల రోజులు అత్తగారింటికి మారండి. అక్కడా ఒక మూల బల్ల ఉంటుంది, పక్కన ఒక ప్లగ్గు ఉంటుంది, మామగారు మొహమాటస్థుడైతే మరీ మంచిది.

ఈ ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక మొదలుపెట్టండి. పని చేసేటప్పుడు మెయిన్ స్విచ్ మాత్రం ఆపకండి. మళ్లీ లేచి వేయాల్సి వస్తుంది.