మండలంలో ఇంకెవడి దగ్గరా లేదు

పెనుబల్లి చుట్టుపక్కల మామిడి, పామాయిల్ తోటలున్న ఆసాముల్లో ఈమధ్య ఒక కొత్త రకం తయారైంది. ఇతగాడికి పేకాట లేదు, మందు పండక్కి తప్ప ముట్టడు, రాజకీయాల్లో ఒకసారి చేతులు కాల్చుకుని మానేశాడు. ఉన్న వ్యసనమల్లా పక్షులు. అదీ మామూలు పక్షులు కాదు, అరుదైనవి. బోరు షెడ్డు పక్కన ఇనప జాలీ గది, దానిమీద గ్రీన్ నెట్, లోపలికి కూలరు గాలి, గుమ్మానికి తాళం, తాళంచెవి మొలతాడుకి. ఆ గదిలో ఒక గోల్డెన్ ఫెజెంట్ జత. తోటకి వచ్చినవాళ్ళకి ముందు మంచినీళ్ళు, తర్వాత టీ, ఆపైన పక్షి దర్శనం. "చైనా పిట్ట బావా. మండలంలో ఇంకెవడి దగ్గరా లేదు" అంటాడు. మొదటి మాట పక్షి గురించి, రెండోది తన గురించి. ఆసామి మనసంతా ఆ రెండో మాట మీదే ఉందని, పిట్ట కేవలం దానికి సాక్షి అని నా వాదన.

రుజువు కోసం దూరం పోనక్కర్లేదు. ఆ గది బయట పెంటకుప్ప కెలుకుతున్న నాటుకోడి కూడా ఫెజెంట్ల కుటుంబంలోదే. నెమలి, కౌజు, అడవికోడి, ఆ చైనా పిట్ట, పక్షిశాస్త్రం లెక్కలో అన్నీ ఒకే ఇంటిపేరు వాళ్ళు. ఇంటికోడి ప్రధానంగా ఎర్ర అడవికోడి సంతతి, ఆగ్నేయాసియా వైపు మచ్చికైంది. అయితే 2008లో జన్యువులు పరిశీలించినవాళ్ళు ఒక చిత్రం కనిపెట్టారు. కోడి కాళ్ళకీ చర్మానికీ పసుపు రంగునిచ్చే జన్యువు వచ్చింది ఎర్రదాన్నుంచి కాదు, బూడిదరంగు అడవికోడి నుంచి. ఆ బూడిదరంగుది మన ద్వీపకల్పంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా అడవిలో బతకదు. పాతకాలపు పక్షిశాస్త్రజ్ఞులు ఈ రెండు అడవికోళ్ళకీ మధ్య తూర్పున గోదావరినే హద్దుగా రాసుకున్నారు. అంటే భద్రాచలం రోడ్డు మీద బండి హ్యాండిల్‌కి తలకిందులుగా వేలాడుతూ పోయే పచ్చకాళ్ళ కోడి కాలిలో ఈ ద్వీపకల్పం సొంత ఫెజెంటు జన్యువు ఉంది. ఇదంతా ఆసామికి విడమరిచి చెప్పినా "దాన్ని కూరొండుకుంటాంగా" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు.

పోనీ, అందం ఉన్న పక్షి కావాలంటాడా? ఆ కుటుంబంలో నెమలిని మించిన అందగాడు లేడు. 1963 నుంచి జాతీయ పక్షి, పైసా ఖర్చు లేకుండా కనకగిరి గుట్టల వైపు నుంచి తనంతట తానే మొక్కజొన్న చేలోకి దిగుతుంది. దాన్ని చూసి ఈ పక్షిప్రేమికుడు చేసే మొదటి పని టపాకాయ వెలిగించడం. రెండోది పంట నష్టానికి పరిహారం ఎవరిస్తారని అడగడం. పంట పోయినవాడి బాధ నిజమే, కాదనను. కానీ జాలీ గదిలో కూలరు పెట్టించిన చేత్తోనే టపాకాయ ఎలా వెలిగింది? నెమలి ప్రతివాడి చేలోనూ దిగుతుంది. అదే దాని నేరం.

ఈ జతని సంపాదించడానికి ఆయన పడ్డ తిప్పలు వింటే జాలేస్తుంది. వెతుకులాట హైదరాబాదు ముర్గీ చౌక్‌లో మొదలై, ఫోన్లో ఫోటోలు పంపే దళారుల దగ్గర తేలుతుంది. గోల్డెన్ ఫెజెంట్ పుంజుకి ఆ బంగారు జూలు, ఎర్రటి పొట్ట వచ్చేది రెండో ఏట. అందాకా అదీ పెట్టలాగే మట్టిరంగులో తిరుగుతుంది. కాబట్టి జత అని కొన్నది మరుసటేడు రెండు పుంజులై ఒకదాన్నొకటి పొడుచుకుంటుంది. దానికి దగ్గరి చుట్టం లేడీ ఆమ్హర్స్ట్ ఫెజెంట్. పంజరాల్లో ఈ రెండూ ఎన్ని తరాలుగా కలిసిపోయాయంటే, అసలు సిసలైనదేదో అమ్మేవాడికే తెలియదు. ఎండ తగిలితే బంగారు రంగు వెలుస్తుంది, అందుకే గ్రీన్ నెట్. ఇన్ని తిప్పలూ పడి గుడ్లు పెట్టిస్తే, పంజరంలో పెరిగిన పెట్ట చాలాసార్లు పొదగనే పొదగదు. అప్పుడు ఆ గుడ్లు చేరేది ఎక్కడికి? నాటుకోడి కిందికి. అది తన లెక్క 21 రోజుల మీద ఒకటి రెండు రోజులు అదనంగా కూర్చుని చైనా పిల్లల్ని లేపుతుంది. ఫోటో తీసేటప్పుడు మాత్రం ఆసామి దాన్ని కాలితో పక్కకి నెడతాడు. కోళ్ళు తిరిగిన నేల నుంచి ఫెజెంట్లకి జబ్బులు అంటుతాయన్నది నిజమే. అయితే ఆ సంగతి ఆయనకి గుర్తొచ్చేది పొదుగు పూర్తయ్యాకే.

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటుంది. పెంచేవాళ్ళు లేకపోతే కొన్ని జాతులు ఈపాటికి నామరూపాల్లేకుండా పోయేవి కదా అంటారు. ఒప్పుకోవాల్సిందే. వియత్నాంలో ఎడ్వర్డ్స్ ఫెజెంట్ అనే నీలిరంగు పక్షి ఉంది. 1920లలో జాన్ దెలాకూర్ అనే ఫ్రెంచి పక్షిశాస్త్రజ్ఞుడు కొన్నింటిని ఫ్రాన్సులోని క్లేర్‌కి తీసుకెళ్ళి పెంచాడు. 2000 తర్వాత అది అడవిలో కనబడ్డట్టు రూఢైన దాఖలా లేదు. ఇవాళ బతికున్నవి పంజరాల సంతతే. కానీ ఆ పంజరాల వెనక ఏ పక్షి ఏ తల్లికి పుట్టిందో రాసుకునే వంశావళి పుస్తకం ఉంది. అయినా వేరే జాతితో కలిసిన సంకరాలు బయటపడి ఏరివేయాల్సి వచ్చింది. మన ఆసామి దగ్గర పుస్తకం లేదు, దళారి ఫోన్ నంబరుంది. పైగా అక్కడ ఒకరి పక్షిని ఇంకొకరికి ఇచ్చిపుచ్చుకోవడమే పద్ధతి. తన పిట్ట పిల్ల పక్క ఊరికి పోవడం మన ఆసామికి ప్రాణసంకటం.

సంక్రాంతికి కోళ్ళకి కత్తులు కట్టేవాళ్ళకంటే ఈయన నయం కాదా అని ఇంకొకరు అడగొచ్చు. నయమే, రక్తం చిందదు. అయితే ఆ పందెంరాయుడికి తన కోడి ఈక ఈకా తెలుసు. డేగ, కాకి, సేతువ, నెమలి, అబ్రాసు అని అరుపు విని కూడా పోల్చగలనంటాడు. ఈయనకి తన పిట్ట గురించి తెలిసింది ధర.

ఇప్పుడు చూపు హార్న్‌బిల్ మీద పడింది. కేరళ రాష్ట్రపక్షి, పెద్ద హార్న్‌బిల్. గోల్డెన్ ఫెజెంట్ మన అడవిది కాదు కాబట్టి 1972 వన్యప్రాణి చట్టం దాని జోలికి రాలేదు. ఇది అలా కాదు, మొదటి షెడ్యూలు. పట్టుబడితే 3 నుంచి 7 ఏళ్ళ జైలు. చట్టాన్ని పక్కనపెట్టినా పక్షి ఒప్పుకోదు. పెట్ట చెట్టుతొర్రలో దూరి, ముక్కు పట్టేంత సందు వదిలి ద్వారం మూసుకుంటుంది. మగపక్షి వారాల తరబడి మర్రిపళ్ళు, మేడిపళ్ళు మోసుకొచ్చి ఆ సందులోంచి అందిస్తుంది. పంజరంలో వీటికి కాలేయంలో ఇనుము పేరుకుని చచ్చే ప్రమాదం ఉంది కాబట్టి జూలలో ఇనుము తక్కువున్న మేత చూసి పెడతారు. మనవాడైతే బలమని బెల్లం, ఖర్జూరం పెడతాడు. ఇందులో అసలు వింత ఏమిటంటే, హార్న్‌బిల్లుల్లో బూడిదరంగుది తెలంగాణ పల్లెల్లోనే మర్రి, రావి ఉన్నచోట తిరుగుతుంది. తొర్ర ఉండాలంటే ముసలి చెట్టుండాలి. గట్టు మీది ముసలి మర్రిని పామాయిల్ మొక్కలకి నీడ పడుతోందని కొట్టించింది ఈ ఆసామే.

ఇంతకీ ఈ పిచ్చికి మందు లేదనుకోకండి. సత్తుపల్లిలో ఎవరో గోల్డెన్ ఫెజెంట్లు రెండు జతలు దింపారని కబురు తెలిసిన వారానికే, తోట గేటు దగ్గర అట్టముక్క మీద 'పక్షులు అమ్మబడును' అని రాయించేస్తాడు. కూలరుతో సహా.