సముద్రానికి మినీ తోక

పాలమూరు చెరువుల పుట్టినరోజులు ఇన్నాళ్లకు తేలాయి. శిలాఫలకం మీద ఏ తేదీ చెక్కి ఉంటే ఆ రోజే చెరువు పుట్టింది. అంతకుముందు తాతల కాలం నుంచీ అక్కడ నీళ్లు నిలిచాయనీ, వరి పండిందనీ, బతుకమ్మలు ఆ నీళ్లలోనే కలిశాయనీ ఎవరైనా అంటే అది పుకారు. ఫలకం మీద ముందు మంత్రిగారు, తర్వాత ఎమ్మెల్యేగారు, ఎంపీగారు, ఎమ్మెల్సీగారు, కలెక్టరుగారు, ఎస్‌ఈ, ఈఈ, డీఈ, ఏఈ, అందరికంటే కింద కాంట్రాక్టరు. చోటు చాలకపోతే పక్కన ఇంకో రాయి పాతుతారు. చెరువుకు ఈ నేలే తగునని చూసినవాడు, కట్ట ఎక్కడ వంపు తిరగాలో చెప్పినవాడు, అలుగు ఏ ఎత్తున దూకాలో తేల్చినవాడు మాత్రం ఆ రాతిమీద కనబడరు. బిల్లు పెట్టని పనికి పేరు దేనికి?

పాత మహబూబ్‌నగర్ జిల్లా, అంటే మన పాలమూరులోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ 2016 అక్టోబరు 11న జిల్లాలయ్యాయి. జిల్లా కేంద్రం అన్నాక కలెక్టరేటు ఎంత ముఖ్యమో ‘ఐ లవ్’ అని మొదలై ఊరిపేరుతో ముగిసే నిలువెత్తు అక్షరాలూ అంతే ముఖ్యం. ఆ అక్షరాల వెనక నీళ్లుండాలి కాబట్టి చెరువు కావాలి. చెరువు చెరువులా ఉంటే చూడ్డానికి ఎవరూ రారు కాబట్టి సుందరీకరణ కావాలి. ఈ సుందరీకరణకు ఆదిలాబాద్ నుంచి అలంపురం దాకా ఒకటే ఎస్టిమేటు: కట్ట మీద పేవర్ టైల్సు, స్టీలు రెయిలింగు, రంగులు మార్చే లైట్లు, సిమెంటు జిరాఫీ, ఓపెన్ జిమ్ము, బోటింగు పాయింటు. పాలమూరు అడవుల్లో జిరాఫీలు ఎప్పుడు తిరిగాయని అడగకండి. రేటు పట్టికలో జిరాఫీ ఉండబట్టి వచ్చింది, ఎలుగుబంటి లేకపోబట్టి రాలేదు.

వనపర్తి సంస్థానాధీశుల ధైర్యం తలుచుకుంటే ముచ్చటేస్తుంది. వానలు మొహం చాటేసే ఈ నేల మీద చెరువులు తవ్వించి వాటికి సముద్రాలని పేరు పెట్టుకున్నారు. రంగసముద్రం, శంకరసముద్రం, గోపాలసముద్రం, వీరసముద్రం… ఇలా ఏడు. సప్తసముద్రాలు! బంగాళాఖాతం ఎటువైపుందో కూడా తెలియని పల్లెల్లో ఒడ్డున నిలబడి సముద్రం అన్నారంటే ఎంత నమ్మకం ఉండాలి. నాగర్‌కర్నూల్ వారూ తక్కువ తినలేదు, వాళ్ల చెరువు కేసరిసముద్రం. ఆ తర్వాత మన కాలం వచ్చింది. 2015లో మిషన్ కాకతీయ మొదలై పూడిక తీసింది. అది మంచి పని, కాదంటే కళ్లు పోతాయి. దాంతోపాటే నియోజకవర్గానికొక మినీ ట్యాంక్‌బండ్ అన్నారు. అలా కేసరిసముద్రం కట్ట మినీ ట్యాంక్‌బండ్ అయింది. పెద్దలు చెరువును సముద్రమన్నారు, మనం సముద్రానికి మినీ అని తోక తగిలించాం. పైగా ఆ లెక్క నియోజకవర్గాల వారీగా. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండే గొలుసుకట్టులో నీళ్లు ఏ పోలింగు బూతు దాటి ఏ బూతులోకి వెళ్తున్నాయో చూసుకుని పారాలి మరి.

వనపర్తి జిల్లా శ్రీరంగాపురం దగ్గర కాస్త ఆగాలి. అక్కడి రంగనాయకస్వామి గుడి 18వ శతాబ్దంది, తమిళనాట శ్రీరంగాన్ని మనసులో పెట్టుకుని కట్టింది. గోపురం, దాన్ని తలకిందులుగా మోసే రంగసముద్రం నీళ్లు, ఒడ్డున రాజుల విడిది కృష్ణవిలాస్. గుడి ఎవరో, చెరువు ఎవరో తలోదిక్కున కూర్చుని గీసినవి కావవి. గోపురం ఎత్తూ నీటిమట్టమూ ఒకే మనిషి తలలో మెదిలి ఉండాలి, లేదా ఒకరి మాట ఒకరు విన్న ఇద్దరి తలల్లో. ఈ రెండోది మన శాఖలకు బొత్తిగా నమ్మశక్యం కాదు. గుడి దేవాదాయశాఖది. నీళ్లు నీటిపారుదలశాఖవి. చేపలు మత్స్యశాఖవి. వచ్చే జనం పర్యాటకశాఖవారు. మరి ఒడ్డున నిలబడితే నీళ్ల మీదుగా గోపురం అగుపడుతుందే, ఆ చూపు ఏ శాఖది? రేపు అడ్డంగా ఓ ఓవర్‌హెడ్ ట్యాంకు లేస్తే ఏ బల్ల మీదికి అర్జీ పట్టుకెళ్లాలి?

విగ్రహం ఉన్నచోటికి గద్ద దారి చూపిందని అక్కడి స్థలపురాణం. ఆ కాలపు సైట్ సర్వే అదన్నమాట. ఇప్పుడు మనం డ్రోన్లు ఎగరేస్తున్నాం. తమాషా ఏమంటే, భీమా ఎత్తిపోతల పథకానికి బ్యాలెన్సింగ్ రిజర్వాయర్లు కావలసివచ్చినప్పుడు కంప్యూటర్లు, కాంటూరు మ్యాపులు, కన్సల్టెంట్లు అందరూ కలిసి తేల్చిన చోట్లలో రంగసముద్రం, శంకరసముద్రం ఉన్నాయి. రాజుల కాలంలో ఎవరో కాలినడకన తిరిగి, వాన వాలు చూసి, మట్టి పిడికిట్లో పట్టి చూసి ఎంచిన చోట్లే. కన్సల్టెంటుకు ఫీజు ముట్టింది. ఆ కాలినడక మనిషి పేరు కనీసం అడుగున అక్షరాల్లోనైనా వేయవచ్చు కదా అంటే, ఆయన జీఎస్టీ నంబరు లేనివాడు.

రాజుల్ని వెనకేసుకు రావడం లేదు. తవ్వినవాళ్లలో వెట్టి చేసిందెవరో, కూలి ముట్టిందెవరికో సంస్థానాలూ చెక్కించలేదు. రాజు పేరు, రాణి పేరు, ఇష్టదైవం పేరు చెరువులకు దక్కాయి. వడ్డెరవాళ్లకు గునపం దక్కింది. అయినా మట్టి పని అంటే పాలమూరే అన్న పేరు దేశమంతా పాకింది. ఎక్కడ డ్యాము లేచినా, ఎక్కడ కాలువ తవ్వినా పాలమూరు లేబర్ గుడిసెలు వెలిశాయి. నేలకు వంపు ఎంత ఉండాలో కంటిచూపుతో చెప్పగల ఆ మేస్త్రీ మనవడు ఇవాళ హైదరాబాదు శివారు విల్లాల్లో కొరియన్ గడ్డి పరుస్తున్నాడు. ఆ పని గీసి ఇచ్చినాయన లాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు, పరిచిన ఇతను డైలీ లేబరు.

చెరువు కట్టించినాయన పేరు నిలబడ్డ సంగతి మనకు ఒక్కటి మాత్రం బాగా తెలుసు, అదీ పొరపాటున. హుస్సేన్‌సాగర్ 1562లో ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుబడిలో తయారైంది. దగ్గరుండి కట్టించినవాడు హుస్సేన్ షా వలీ. రాజు తన పేరు పెట్టాలనుకున్నా జనం నోట హుస్సేన్ పేరే పడిందనీ, ఆ ఉక్రోషంతోనే ఆయన ఇబ్రహీంపట్నం చెరువు కట్టించుకున్నాడనీ ఓ కథ. కథ ఎంత నిజమో గానీ, రాజు ఓడి పనివాడు గెలిచిన కథ మనకు మళ్లీ దొరకదు. ఆ లోటు 1980లలో పూడ్చేశాం. ట్యాంక్‌బండ్ అని పిలుచుకునే అదే కట్ట మీద తెలుగు వెలుగులంటూ 33 విగ్రహాలు నిలబెట్టాం. గోదావరికి ఆనకట్ట కట్టిన కాటన్ దొర ఉన్నాడు, మన గద్వాల సీమ బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి ఉన్నారు, అందరూ ఉండవలసినవాళ్లే. వాళ్లంతా నిలబడ్డ కట్టను కట్టించినాయన మాత్రం ఆ వరుసలో లేడు. ఇక మన మినీ ట్యాంక్‌బండ్లలో ఎవరో ఉంటారని ఆశపడటం అత్యాశ.

పేరు చెప్పుకునే దేశాలూ ఉన్నాయి. న్యూయార్క్ సెంట్రల్ పార్కుకు పోటీ పెట్టి 1858లో ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్‌ల నమూనాను ఎంచుకున్నారు. నేటికీ ఆ పార్కులో కొత్త పని పెట్టాలంటే ఆ ఇద్దరూ ఏమనుకుని గీశారన్న వాదన లేస్తుంది. పాతకాలపు తోట కూడా స్మారకమే, కాకపోతే ప్రాణమున్న స్మారకం అని 1981లోనే ఫ్లారెన్స్‌లో వారసత్వ సంరక్షకులు రాసుకున్నారు. అంతదూరం ఎందుకు, ఢిల్లీ సుందర్ నర్సరీలో సెల్ఫీలు దిగి వచ్చిన మనవాళ్లను మహమ్మద్ షహీర్ ఎవరని అడగండి. క్రికెటరా అంటారు. హుమాయూన్ సమాధి తోటలకు మళ్లీ నీళ్లు పారించి, ఆ నర్సరీకి కొత్త రూపు గీసిన లాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు ఆయన, 2015లో పోయారు.

కాపాడటం మనకు చేతకాదని కాదు. రాయి కనబడితే చాలు, ప్రాణం పెడతాం. శ్రీశైలం జలాశయం కిందికి ఊళ్లు పోతుంటే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని, పాపనాశి గుళ్లను అలంపురానికీ, మంచాలకట్ట మాధవస్వామిని కొల్లాపురానికీ తరలించారు. సోమశిల, జటప్రోలు గుళ్లనూ అలాగే గట్టెక్కించారు. రాయి రాయికీ నంబరు వేసి, విప్పి, మోసుకొచ్చి, మళ్లీ పేర్చారు. చేతులెత్తి మొక్కాల్సిన పని. కానీ ఏటి ఒడ్డున ఉండాలని కట్టిన గుడికి ఏరే సగం గుడి. మెట్లు, రేవు, రేవు పక్క రావిచెట్టు, పొద్దుటి వెలుగు ఏ దిక్కు నుంచి నీళ్ల మీద పడి మండపంలోకి రావాలో ఆ ఏర్పాటు… వాటికి నంబరు వేసే సుద్దముక్క ఇంకా తయారుకాలేదు.

మునగని చోట పచ్చిక మొలిచింది. ఏడో శతాబ్దంలో బాదామి చాళుక్యులు అలంపురంలో నవబ్రహ్మాలయాలు కట్టారు. ఆ వాకిట్లో ఇప్పుడు నీటుగా కత్తిరించిన లాన్. పురావస్తు శాఖకు ఉద్యాన విభాగం ఉంది, దాని కేంద్రం ఆగ్రాలో. తాజ్‌మహల్‌కైనా తుంగభద్ర గట్టుకైనా అదే గడ్డి. చాళుక్య శిల్పి వాకిట్లో ఏ చెట్టు నీడ కోరుకున్నాడో అడిగే ఓపిక ఎవరికుంది, ఎండాకాలం ట్యాంకరు తెప్పించి గడ్డి తడపడానికే పొద్దు చాలడం లేదు.

చెట్ల ముచ్చట్లో మాత్రం మనకు మనమే సాటి. 2015లో హరితహారం మొదలెట్టి 230 కోట్ల మొక్కలన్నాం. త్వరగా పెరగాలి, పశువులు ముట్టకూడదు, ఫొటోలో పచ్చగా పడాలి. ఈ మూడు పరీక్షల్లో వేప తప్పింది, కానుగ తప్పింది, కోనోకార్పస్ డిస్టింక్షన్‌లో పాసైంది. విదేశాల నుంచి వచ్చిన ఆ మొక్క డివైడర్లకూ పల్లె ప్రకృతి వనాలకూ ఎక్కాక, ఇది మంచిది కాదు, ఇక నాటవద్దు అని ఉత్తర్వులొచ్చాయి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి సంగతి తెలిసిందే. ఎకరాల కొద్దీ ఊడలు దింపిన ఆ ముసలి మర్రికి జనం ఉయ్యాలలూగారు, చెదలు పట్టాయి, 2017 డిసెంబరులో కొమ్మ కూలింది. 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి మందెక్కించారు. అది మళ్లీ కోలుకుంది, అటవీశాఖవారి పుణ్యం. చెట్టును ఐసీయూలో చేర్చాకే దాని గొప్ప తెలుసుకోవడం మాత్రం మన సొంత పద్ధతి.

గద్వాల వారిని విడిగా పలకరించకపోతే నొచ్చుకుంటారు. విద్వద్గద్వాల కదా. ఆ మట్టికోటలో సభలు తీరి, రాజు మీద పద్యం చెప్పిన కవికి సన్మానం అందింది. కోట మట్టి మీద, ఆ మట్టిని గోడగా నిలిపిన చేయి మీద పద్యం చెప్పినవారుంటే నాకు చూపించండి, ఆలస్యమైనా శాలువా నేనే కప్పుతాను. నేతగాళ్ల అదృష్టం కాస్త నయం. గద్వాల చీరకు జీఐ గుర్తింపు వచ్చింది, ఆ పేరు చెప్పి ఎవడైనా వేరే అంచు అమ్మితే కేసు వేయవచ్చు. చెరువు అంచును ఎవడైనా కలుపుకుంటే అది లేక్‌వ్యూ వెంచరు.

విమర్శించడం తేలిక, దారి చూపమంటారు కాబట్టి చూపుతున్నాను. ఒకటి, ఇకమీదట సుందరీకరణ ఎస్టిమేటు వేసే ఇంజినీరును వానాకాలం ఓ రాత్రి అదే కట్ట మీద గొడుగు లేకుండా నిలబెట్టాలి. నీళ్లు ఎటు నుంచి వస్తాయో, ఎటు పోవాలనుకుంటాయో ఆయనకు డీపీఆర్‌లో దొరకని వివరాలు దొరుకుతాయి. రెండు, వనపర్తి రాజావారి కోటలోనే పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది గనక, అక్కడి పిల్లలకు ఏడు సముద్రాల తూములూ అలుగులూ కొలిచి పటం గీయడం రికార్డు వర్కుగా పెట్టాలి. ఊరి పక్కన ఇంత పెద్ద ల్యాబు ఉండగా పాత రికార్డు చూసి కాపీ కొట్టే శ్రమ వాళ్లకెందుకు? మూడు, జిరాఫీలను అటవీశాఖకు అప్పగించాలి.

నాలుగోది కాస్త ఖర్చుతో కూడుకున్నది. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎన్ని జాములు పారాలో, కట్టకు ఎక్కడ ఎండ్రకాయ బొక్క పెట్టిందో తెలిసిన నీరటి మనిషి ఒకప్పుడు ఊరూరా ఉండేవాడు. అతనికి ఇనాం భూమి కూడా ఉండేది. చెరువును గీసినవాడి ఆలోచన తరం నుంచి తరానికి అందిందంటే ఈ నీరటి చేతుల మీదుగానే. అతనికి మళ్లీ జీతం ఇవ్వాలని అడిగితే పెద్దసారు ఒకరు ఫైలు తిరగేసి, కట్ట మీద సాయంత్రం జంటల్ని తరమడానికి సెక్యూరిటీ గార్డును ఇప్పటికే పెట్టామన్నారు. గార్డుకు టోపీ ఉంది, ఈల ఉంది, నెలకు ఇంతని ఉంది. నీరటి కావాలంటే ముందు ఆ పేరుతో ఓ పోస్టు శాంక్షన్ కావాలట, దానికి కనీస అర్హత ఏం పెట్టాలో హైదరాబాదుకు రాసి కనుక్కుంటామన్నారు.