చుక్కలు చూపిస్తున్న కెమెరాలు

మా రోజుల్లో వ్యూఫైండర్‌లో కన్ను పెడితే నడిమధ్యన ఒక గుండ్రం. అది అడ్డంగా రెండు సగాలు. పెళ్లికొడుకు నుదుటి మీది నిలువు బొట్టును ఆ గుండ్రంలోకి తెస్తే, పై సగం ఒక పక్కకి, కింది సగం ఇంకో పక్కకి విరిగి కనిపించేది. ఎడమచేత్తో లెన్సు రింగు కాస్త తిప్పితే రెండూ వచ్చి అతుక్కునేవి. బొట్టు నిటారుగా నిలబడిందా, ఫోకస్ కుదిరినట్టే. నికాన్ ఎఫ్ఎం2 నేర్పిన చదువంతా ఇంతే. ఏది స్పష్టంగా రావాలో కన్ను చెప్పేది, చెయ్యి చేసేది. మధ్యవర్తులు లేరు.

1985లో మినోల్టా 7000 ఆ పనిని మోటారుకు అప్పజెప్పింది. అదైనా నయమే, మధ్యలో ఒక్కచోటే చూసేది. 1992లో కానన్ ఈఓఎస్ 5 వచ్చింది. 5 ఫోకస్ పాయింట్లు, మన చూపు ఎటు పోతే అటు పాయింటు. కెమెరాను నిలువుగా తిప్పితే మాత్రం ఆ చూపు విద్య పనిచేసేది కాదు. పెళ్లి ఫొటోల్లో నిలువువే బోలెడు, ఏం చేసుకోను దాన్ని? 1998లో ఈఓఎస్ 3తో పాయింట్లు 45 అయ్యాయి. 2016లో నికాన్ డి500కి 153. అందులో మనం ఎంచుకోగలిగేవి 55, మిగతావి దాని సొంత వాడకానికి. ఇప్పటి మిర్రర్‌లెస్‌లలోనైతే ఇంచుమించు ఫ్రేమంతా పాయింట్లే.

ఇన్ని ఉండి ఏం లాభం? ఎంచుకునే పనే కెమెరాకు వదిలేస్తున్నారు కుర్రాళ్లు. జీలకర్ర బెల్లం పెట్టే వేళ దానికి ఏం కనిపిస్తుంది? దగ్గరగా, కొట్టొచ్చినట్టు ఏదుంటే అది. పురోహితుడి మోచెయ్యి, పిల్ల మెడలో దండ. తీరా చూస్తే దండలో రేకులు లెక్కపెట్టుకోవచ్చు, పిల్ల ముఖం మాత్రం మసక. "కొత్త మోడళ్లలో కెమెరాయే కళ్లు పట్టేస్తుంది కదా మాస్టారూ" అంటాడు నా దగ్గర పనిచేసే కుర్రాడు. పడుతుంది నాయనా, కాదన్లేదు. ఎవరి కళ్లు? తలంబ్రాలు పోసుకుంటుంటే ముందు బియ్యం, వెనకాల తొంగిచూసే మేనత్త. పెళ్లికూతురు ఎవరో దానికెవరు చెప్పారు?

పోనీ మధ్య పాయింటుతో పట్టి, బటన్ సగం నొక్కి ఉంచి, కెమెరా పక్కకి తిప్పుకుందామా? మేమలాగే చేశాం. ఫ్లాష్ వేసి ఎఫ్8లో తీసేవాళ్లం కాబట్టి చెల్లింది. ఇప్పుడు వెనకదంతా కరిగిపోవాలంటారు, 85 లెన్సును 1.8లో తెరుస్తారు. ఫుల్ ఫ్రేమ్‌లో, మీటరున్నర దూరంలో స్పష్టంగా ఉండేది ముందూ వెనకా కలిపి మూడు సెంటీమీటర్ల పైచిలుకు. ఫోకస్ పట్టాక కెమెరాను 10 డిగ్రీలు తిప్పారంటే అది రెండు సెంటీమీటర్లకు పైగా వెనక్కి పోతుంది. కన్ను మీద పట్టింది కణత మీదకి జరిగిందన్నమాట. కాబట్టి పాయింటునే కంటి మీదకి జరపాలి. గత్యంతరం లేదు.

జరపడానికి ఉన్నది ఒక్క బొటనవేలు. దానికెన్ని చాకిరీలు! జాయ్‌స్టిక్ అదే తొయ్యాలి, వెనకనున్న ఫోకస్ బటన్ ఏఎఫ్-ఆన్ అదే నొక్కాలి. ఫోకస్‌ను వెనక బటన్‌కి మార్చుకోవడం ఈ మధ్య ఫ్యాషనైంది. పరిగెత్తే పిల్లల వెంట పడేటప్పుడు సుఖమే. మండపంలో మాత్రం నేను ఫోకస్‌ను చూపుడువేలి కిందే ఉంచుతాను, బొటనవేలిని జాయ్‌స్టిక్‌కే వదిలేస్తాను. ఇక టచ్ స్క్రీన్ సంగతి. నాలా ఎడమ కన్నుతో చూసేవాడి ముక్కు తెరకు ఆనుతుంది. పాయింటు ముక్కు వెంట పోతుంది! ముక్కు తగలని భాగమే పనిచేసేలా పెట్టుకునే సదుపాయం చాలా కెమెరాల్లో ఉంది, పెట్టుకునేవాడేడీ?

మా వాడి డి500లో 55 పాయింట్లను 15కి కుదించుకోవచ్చు. ఈ చివర నుంచి ఆ చివరకి నాలుగు తోపుల్లో పోతుంది. నిలువుకో పాయింటు, అడ్డానికో పాయింటు గుర్తుపెట్టుకోమన్నా పెట్టుకుంటుంది. కెమెరా తిప్పగానే పాయింటు తల దగ్గరే ఉంటుంది, కాళ్ల దగ్గర వెతుక్కోనక్కర్లేదు. ఇవన్నీ నేను చెబితే "అవునా మాస్టారూ" అంటాడు మా వాడు. కెమెరా కొన్నది వాడు!

మా రోజుల్లో కొత్తగా చేరినవాడికి రీలు ఇచ్చేవాళ్లు కాదు. ఖాళీ కెమెరా చేతికిచ్చి రింగు తిప్పిస్తూ కూర్చోబెట్టేవాళ్లు. నేనూ మా వాడికి అదే చెప్పాను. రోజూ కాసేపు కన్ను తియ్యకుండా, వీధిలో పోయేవాళ్ల ముఖాల మీదకి పాయింటు జరుపుతూ ఉండరా, బొటనవేలికి దారి తెలుస్తుంది అని. ఎందుకు మాస్టారూ, వచ్చే నెలలో కొత్త మోడల్ కొంటున్నాగా అన్నాడు. కొనుక్కో నాయనా. బొటనవేలు మాత్రం ఇదేగా!