ఉత్తుత్తి తాళం

టెర్మినల్‌లో జీసీసీ అని కొట్టి, పక్కన మైనస్ వీ పెట్టండి. బారెడు వివరాలు దొర్లిపోయాక ఆఖర్లో 'థ్రెడ్ మోడల్: సింగిల్' అనో, 'పోసిక్స్' అనో ఓ ముక్క కనబడుతుంది. అది నా జాతకం. ఆ కంపైలర్‌లో ఓ మూల పడి ఉండే హెడర్ ఫైల్‌ని నేను. జీటీహెచ్ఆర్ డాట్ హెచ్ అంటారు. సీ ప్లస్ ప్లస్ లైబ్రరీకి తాళం కావాల్సివచ్చినా, ఒక్కో థ్రెడ్‌కీ విడిగా కాస్త చోటు కావాల్సివచ్చినా నా దగ్గరికే వస్తుంది.

నా తలరాత రాసేది కంపైలర్‌ని బిల్డ్ చేసే మనిషి. కాన్ఫిగర్ చేసేటప్పుడు ఎనేబుల్ థ్రెడ్స్ అన్న చోట సింగిల్, పోసిక్స్, ఆర్‌టెమ్స్, వీఎక్స్‌వర్క్స్... ఏది రాస్తే నేను అదే. ఆ తర్వాత ఎన్ని ఫ్లాగులు ఇచ్చినా మారను. కాదూ కూడదంటే కంపైలర్‌ని మళ్లీ మొదట్నుంచీ బిల్డ్ చేసుకోవాల్సిందే.

ఓఎస్ లేని ఆర్మ్ చిప్‌ల కోసం రెడీగా దొరికే ప్యాకేజీల్లో నాది సాధారణంగా సింగిల్ బతుకే. కట్టినవాళ్లని తప్పుపట్టలేం, కింద ఏ ఓఎస్ నడుస్తుందో వాళ్లకేం తెలుసు? జనం మాత్రం దాన్ని దించుకుని, ఫ్రీఆర్‌టాస్ అనే ఓఎస్ పెట్టి, దాని మీద డజను టాస్కులు పరిగెత్తిస్తారు. ఆ అవతారంలో నన్ను "తాళం వెయ్యి" అంటే ఏమీ చెయ్యను, సున్నా తిప్పి పంపుతాను. సున్నా అంటే పని అయిందని అర్థం. "థ్రెడ్లు ఉన్నాయా?" అని అడిగినా సున్నాయే. అక్కడ మాత్రం లేవని అర్థం.

స్టాండర్డ్ లైబ్రరీ మ్యూటెక్స్ వాడితే కంపైలర్ అలాంటిదేదీ లేదని ఎర్రర్ ఇస్తుంది. ప్రోగ్రామర్లు తిట్టుకుంటారు కానీ, నిజానికి అది నేను చేసే ఉపకారం. అపకారం షేర్డ్ పాయింటర్ దగ్గరుంది. అది చక్కగా కంపైల్ అవుతుంది. కాకపోతే నేను సింగిల్ కాబట్టి లోపలి లెక్కని అటామిక్‌గా కాకుండా మామూలు కూడికా తీసివేతల్లో నడిపిస్తుంది. ఒక వస్తువుని ఇద్దరు పట్టుకున్నారనుకోండి, లెక్క రెండు. కింది స్థాయి టాస్కు తన పట్టు వదిలేస్తూ ఆ రెండుని రిజిస్టర్‌లోకి చదివింది. అంతలో పైస్థాయి టాస్కు వచ్చిపడి ఇంకో కాపీ తీసుకుని లెక్కని మూడు చేసి పోయింది. కింది స్థాయిది నిద్రలేచి, తన దగ్గరున్న రెండులోంచి ఒకటి తీసి, ఒకటని రాసేసింది. పట్టుకున్నవి రెండు, లెక్క ఒకటి. వాటిలో ఏ ఒక్కటి వదిలినా మెమరీ పోతుంది, రెండోది గాల్లో వేలాడుతుంది. ఎక్సెప్షన్లదీ ఇదే బాపతు, పట్టుబడినవాటి జాబితా టాస్కులన్నిటికీ కలిపి ఒక్కటే ఉంటుంది.

ఆర్‌టెమ్స్ కోసం కట్టినప్పుడే నాకు కాస్త మర్యాద. 1988లో అమెరికా సైన్యం క్షిపణుల కోసం మొదలైన ఆర్‌టాస్, అంటే రియల్ టైమ్ ఓఎస్ అది. పేరులోని ఎమ్ మొదట మిసైల్, తర్వాత మిలిటరీ, ఇప్పుడు మల్టీప్రాసెసర్. పేరు రెండుసార్లు మారినా పొట్టిపేరు చెక్కుచెదరలేదు! అక్కడ నేను న్యూలిబ్ అనే సీ లైబ్రరీ ఇచ్చే తాళాలు వాడతాను. వాటిని నడుస్తుండగా ప్రత్యేకంగా సృష్టించక్కర్లేదు, పైగా కెర్నెల్ వాటికి ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్ ఇస్తుంది, అంటే తాళం పట్టుకున్న చిన్న టాస్కుకి, దానికోసం ఆగిన పెద్ద టాస్కు ప్రయారిటీ అప్పుగా వస్తుంది.

అది లేకపోతే ఏమవుతుందో 1997 జులైలో కుజుడి మీద దిగిన పాత్‌ఫైండర్ చూపించింది. వాతావరణ సమాచారం సేకరించే చిన్న టాస్కు మ్యూటెక్స్ పట్టుకుంది, మధ్యస్థాయి టాస్కులు దాన్ని కదలనివ్వలేదు, ఆ మ్యూటెక్స్ కోసం ఆగిన పెద్ద టాస్కు గడువు దాటింది, కంప్యూటర్ పదేపదే రీసెట్ అయింది. భూమ్మీద నుంచే ఆ ఇన్‌హెరిటెన్స్ ఆన్ చేశారు. అందులో నా చెయ్యి లేదు లెండి, అది ఆ నౌకలో నడిచిన ఓఎస్ వీఎక్స్‌వర్క్స్ సొంత మ్యూటెక్స్.

పోసిక్స్ అని రాస్తే గండం గడిచినట్టేనా? పోసిక్స్ ప్రమాణంలో మ్యూటెక్స్ డిఫాల్ట్‌గా ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్ లేకుండానే పుడుతుంది. నేను లైబ్రరీకి అందించేది ఆ డిఫాల్టే. అయితే ఈఎస్‌పీ32 చిప్ కంపైలర్‌లో నా జాతకం చూడండి, పోసిక్సే. కింద నడిచేది మాత్రం ఫ్రీఆర్‌టాస్. పోసిక్స్ పేరుతో వచ్చిన తాళం అక్కడ ఫ్రీఆర్‌టాస్ మ్యూటెక్స్‌గా మారుతుంది, దానికి ఇన్‌హెరిటెన్స్ ఉంది. అంచేత పోసిక్స్ అన్న ముక్క చూసి ఊరుకోకండి, నా కింద ఉన్న పీథ్రెడ్ పొర సోర్స్ తెరిచి మ్యూటెక్స్ సృష్టించే ఫంక్షన్ ఒకసారి చదవండి.