కూర్మన్నపాలెం కొట్లు: పుట్టుక, పెరుగుదల, టు-లెట్

కొట్టు అనగా రెండు టు-లెట్ బోర్డుల మధ్య కాలం. మూడు గోడలు, ఒక షట్టరు, షట్టరు పైన ఫ్లెక్సీ, ఫ్లెక్సీలో యజమాని తలకాయకు నాలుగింతలున్న కోడి కాలు. ఇవి దాని బాహ్య లక్షణాలు. విశాఖపట్నంలో గాజువాక దాటాక హైవే మీద, స్టీల్‌ప్లాంటు ఆర్చి దగ్గరున్న కూర్మన్నపాలెం కూడలి ఈ జీవిని పరిశీలించడానికి అనువైన చోటు. ఇక్కడ కొట్టు పుట్టుకనీ చావునీ ఒకే మనిషి ఒకే చెప్పుల జత అరిగేలోపు చూసెయ్యొచ్చు.

కొట్టు వయసు కట్టడానికి ఒక చిన్న పద్ధతి ఉంది. కూడలి మీదుగా పోయే ఎన్‌హెచ్ 5 పేరు 2010లో ఎన్‌హెచ్ 16గా మారింది. బోర్డు మీద చిరునామాలో ఇంకా 5 కనిపిస్తే ఆ కొట్టు పాత కాపు అన్నమాట. చెట్టుకు వలయాలెలాగో దీనికి ఆ అంకె అలాగ. అలాంటి బోర్డులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అదీ ఒక చేతి వేళ్లు చాలు.

ఊరి పేరులోని కూర్మన్న శ్రీకూర్మంలో వెలసిన దేవుడి పేరు పెట్టుకున్నవాడు. సింహాచలం పుణ్యాన అప్పన్నలకు లోటు లేనట్టే ఉత్తరాంధ్రలో కూర్మన్నలకూ కొదవ లేదు. కూర్మమంటే తాబేలు. తాబేలుకు ఇల్లు సొంతం. అద్దె లేదు, అడ్వాన్సు లేదు, పెద్దబ్బాయి ఏదో పెట్టుకుంటానంటున్నాడు ఖాళీ చెయ్యమనే ఓనరు లేడు. అలాంటి పేరున్న ఊళ్లో ఇంతమంది అద్దె షట్టర్లలో ఉండడం ఒక వింత. కొట్లవాళ్లకు సరైన పోలిక సముద్రం ఒడ్డున తిరిగే సన్యాసి పీత: ఎవరో వదిలేసిన గుల్లలో దూరుతుంది, పెరిగితే ఇంకో గుల్ల, పెరగకపోతే ఇసక.

కూడలికి తల్లి స్టీల్‌ప్లాంటు. 1966 నాటి విశాఖ ఉక్కు ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాక, 1971 జనవరి 20న ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు. దాన్ని పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న. కొబ్బరికాయకీ రిబ్బనుకీ మధ్య ఇరవై ఒక్క ఏళ్లు. ఎదురుగా ఉన్న కొట్లలో రెండూ ఒకే పూట అయిపోతాయి. ప్లాంటు కోసం అరవై పైచిలుకు ఊళ్లు లేచాయి. లేచినవాళ్లకు ఆర్-కార్డులు, అంటే పునరావాస కార్డులు ఇచ్చారు, కార్డుకు ఉద్యోగమన్నారు. కార్డు ఉండీ ఉద్యోగం రానివాళ్లు ఇప్పటికీ వేలల్లో ఉన్నారు. పిలుపు వచ్చేదాకా కాలక్షేపానికని పెట్టిన బడ్డీ ముసలితనం దాకా తోడుండడం ఈ చుట్టుపక్కల వింత కాదు.

కొట్టు ఆహారం షిఫ్టు. ఎ షిఫ్టు పొద్దున ఆరింటికి, బి మధ్యాహ్నం రెండింటికి, సి రాత్రి పదింటికి. ఊళ్లో మిగతావాళ్లకు ఆకలి కడుపులో పుడుతుంది, ఇక్కడ గడియారంలో పుడుతుంది. అయిదు కాకముందే ఇడ్లీ పాత్ర మూత లేవాలి. సి షిఫ్టు దిగినవాడికి అదే ఇడ్లీ రాత్రి భోజనం.

ఖాతా పుస్తకం ఈ జీవికి గుండెకాయ. ఎర్ర అట్ట, నూనె వేళ్ల మరకలు, దారంతో కట్టేసిన బాల్‌పెన్ను. లోపల ఇంటిపేర్లుండవు, డిపార్టుమెంట్లుంటాయి. కోకోవెన్ బావగారు, రెండు టీ. ఎస్సెమ్మెస్ (స్టీల్ మెల్ట్ షాపు) మావయ్య, ఇడ్లీ, గారె. రోలింగ్ మిల్లు బాబాయి (పొట్టి), పాత బాకీ. జీతం పడగానే పేజీకి అడ్డంగా ఒక గీత పడేది. 2024లో జీతాలు విడతలుగా పడడం మొదలయ్యాక గీత కూడా పేజీ సగానికొచ్చి ఆగిపోయింది. మావయ్య ఆగలేదు, గారె మానేసి ఒట్టి ఇడ్లీకి దిగాడు. ప్లాంటులో మూడు బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. 2024 సెప్టెంబరులో మూడింట్లో ఒక్కటే మండిన రోజులొచ్చాయి. ఫర్నేసు ఆరితే ఏ టిఫిను సెంటర్లో పొయ్యి సన్నమవుతుందో అర్థశాస్త్రం పుస్తకాల్లో దొరకదు. గారె కొట్టేసిన ఆ పేజీలో దొరుకుతుంది.

ఇక జననం. ముందు అగ్రిమెంటు, పదకొండు నెలలకు. ఏడాదికి మించి లీజు రాస్తే రిజిస్ట్రేషను చేయించాలని 1908 నాటి చట్టంలో రాశారు కనుక అందరూ పదకొండు దగ్గర ఆగుతారు. ఖర్చు తప్పించుకోవడానికి పుట్టిన అంకె క్రమేణా జాతకమై కూర్చుంది. అయినా పదకొండు నెలల కాగితాన్ని నమ్ముకుని యాభై ఏళ్లు మన్నే గ్రానైటు పరుస్తారు. ముహూర్తానికి గుమ్మడికాయ కొడతారు. పాత రూపాయి నోటు తెచ్చినవాళ్లకు బిర్యానీ అంటారు. క్యూ సర్వీసు రోడ్డు దాటి హైవే ఎక్కుతుంది, ట్రాఫిక్ పోలీసు వస్తాడు, మర్నాడు జిల్లా పేజీలో ఫొటో వస్తుంది. ఫొటో వచ్చిన రోజు బిర్యానీ అసలు రేటుకు దొరుకుతుంది, క్యూలోని మొహం ఒక్కటీ కనపడదు. రూపాయి నోటు కోసం అమ్మమ్మ ట్రంకు పెట్టె దాకా వెతికి వచ్చినవాళ్లు, అలిసిపోయి ఉంటారు.

సర్వీసు రోడ్డు పక్కన ఒకానొక షట్టరును దగ్గర నుంచి చూస్తే పునర్జన్మ సిద్ధాంతం అర్థమవుతుంది. అడుగున పసుపు రంగుతో ఎస్టీడీ, ఐఎస్డీ, పీసీవో. దాని మీద నీలం పూసి నెట్ సెంటరు. దాని మీద సెల్‌ఫోను కంపెనీ ఉచితంగా వేసిచ్చిన ఎరుపు. అన్నిటి మీదా మండీ బిర్యానీ ఫ్లెక్సీ, కుడి మూల చిరిగి గాలికి కొట్టుకుంటూ. చిరిగిన చోట గంటకు 20 అని నెట్ సెంటరు రేటు బయటపడుతుంది. మండీకి ఇంత చవకా అని ఒకరిద్దరు లోపలికెళ్లి వెంటనే బయటికొచ్చారు. లోపలి గోడకు ఒకప్పుడు ఫోను మీటరు బల్లను మోసిన మేకులు అలాగే ఉన్నాయి. వచ్చిన ప్రతివాడూ వాటికే దేవుడి పటం తగిలించాడు. అద్దెదారులు మారారు, దేవుళ్లు మారారు, మేకులు మారలేదు.

ఒక మండీ పక్కనే ఇంకో మండీ ఎందుకు పుడుతుందన్నది పాత ప్రశ్న. దీనికి 1929లో జవాబు రాసిన అమెరికన్ ఆర్థికవేత్త పేరు హెరాల్డ్ హోటెలింగ్. పేరులోనే హోటలున్న మనిషి కనుక నమ్మొచ్చు. పోటీదారులు దూరదూరంగా ఉండడం మానేసి నడిమధ్యకు జరిగి పక్కపక్కనే చేరతారని ఆయన లెక్కలు కట్టి చూపించాడు. కూర్మన్నపాలెంలో ఈ సిద్ధాంతానికి చిన్న చేర్పు ఉంది: ఇద్దరూ పక్కపక్కనే చేరాక మూడోవాడొచ్చి వాళ్లెదురుగా మందుల షాపు పెడతాడు. మిగిలేది అదొక్కటే.

జబ్బు లక్షణాలు ఎవరైనా పట్టొచ్చు. మొదటి వారం మెనూలో సగానికి లేదండీ అంటారు. తర్వాత బోర్డులో లైట్లు ఒకటి విడిచి ఒకటి వెలుగుతాయి. తర్వాత కుర్రాడు మానేసి బావమరిది వడ్డిస్తాడు. యజమాని స్వయంగా గుమ్మంలో నిలబడి రండి సార్, చూసెళ్లండి అంటున్నాడంటే దినం దగ్గరపడినట్టే. మరణ వార్త బయటపెట్టే తీరు మాత్రం హుందాగా ఉంటుంది. రినోవేషన్ నిమిత్తం తాత్కాలికంగా మూసివేయబడినది అని రాస్తారు. తాత్కాలికంగా అన్న మాట ఈ కూడలిలో కీర్తిశేషులు అన్న మాటకు పర్యాయపదం.

కొన్ని చావులు మహమ్మారులు. 2016 నవంబరు 8 రాత్రి గల్లాపెట్టెలో నోట్లు కాగితాలయ్యాయి. 2017 జులైలో జీఎస్టీ వచ్చింది, 2020 మార్చిలో లాక్‌డౌన్. ఇంకొకటి నెమ్మదిగా పనిచేసే మందు: అనకాపల్లి నుంచి సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురానికి యాభై కిలోమీటర్ల పైచిలుకు ఆరు లైన్ల రోడ్డు పడింది. అంతకుముందు కలకత్తా లారీ గాజువాక మీదుగా పోయేది. డ్రైవరు తప్పక ఆగేవాడు, తప్పక తినేవాడు. ఇప్పుడు ఊరు తగలకుండా పోతున్నాడు. ట్రాఫిక్ తగ్గిందని సంతోషించినవాళ్లు, బేరాలు తగ్గాయని ఏడ్చినవాళ్లు ఒకే మేడలో పైఅంతస్తూ కిందఅంతస్తూ.

కొట్టు మూసినా అది అడ్రసుగా బతికే ఉంటుంది. సిటీలో రామా టాకీస్ అని బస్సు టికెట్టు తీసుకుని దిగినవాడికి ఆట కనపడదు, స్టాపు కనపడుతుంది. కూడలిలో ఆటోవాడు చెప్పే దారి కూడా అలాంటిదే: "అదే బాబూ, ముందు నెట్ సెంటరుండేది, తర్వాత బేకరీ అయ్యింది చూడండి, ఆ సందు." నగరానికి కొత్తగా వచ్చినవాడు ముందు చరిత్ర చదువుకుని తర్వాత సందు వెతుక్కోవాలి.

మూసి తెరిచే విద్యలో చిల్లర వ్యాపారుల కంటె ప్రభుత్వాలే దిట్ట. అన్న క్యాంటీన్లు 2018లో తెరుచుకున్నాయి, 2019లో మూతబడ్డాయి, 2024 ఆగస్టు నుంచి మళ్లీ తెరుచుకున్నాయి. పేటలోని టిఫిను సెంటరు ఇలా చేస్తే నిలకడ లేని మనిషంటారు, ప్రభుత్వం చేస్తే విధానమంటారు. మద్యం షాపులు 2019లో ప్రభుత్వానివయ్యాయి, 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటువయ్యాయి. తాగేవాడు మాత్రం ఆ మార్పంతా అదే అరుగు మీద కూర్చుని చూశాడు. బీచి రోడ్డులో లులు మాల్‌కు 2018లో శంకుస్థాపన, 2019లో స్థలం కేటాయింపు రద్దు, 2025లో పదమూడెకరాల పైచిలుకు మళ్లీ కేటాయింపు, 99 ఏళ్ల లీజుకు. పదకొండు నెలలవాడు ఆ వార్త చదివి, తన అగ్రిమెంటులో తొమ్మిది పక్కన తొమ్మిది వేసే చోటు ఎక్కడైనా ఉందేమోనని వెతుక్కున్నాడు.

ఈ కథలో అసలైన కూర్మాలు తోపుడు బళ్లు. ఇల్లు మోసుకు తిరుగుతాయి. షట్టరు లేదు కనుక మూసే సమస్య లేదు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం సర్వే అయ్యేదాకా వాళ్లను లేపకూడదంటుంది, వెండింగు జోన్లు చూపించాలంటుంది. 2025లో నగరపాలక సంస్థ జీవీఎంసీ నగరంలో ఆక్రమణల తొలగింపు చేపట్టి దానికి ఆపరేషన్ లంగ్స్ అని పేరు పెట్టింది. లంగ్స్ అంటే ఊపిరితిత్తులు. ఎవరివన్నది పేరులో లేదు. పొక్లెయిను రావడానికి అరగంట ముందే కబురందుకునే బళ్లు సందుల్లోకి దూరాయి. పొక్లెయిను పోయాక, తల బయటపెట్టి చూసి, ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. పకోడీ నూనె ఇంకా వేడిగానే ఉంది.

మెట్రో సంగతి చెప్పకుండా టు-లెట్ బోర్డుల అధ్యాయం పూర్తికాదు. విశాఖ మెట్రో మాట 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూలులోనే ఉంది. ఇప్పటి ప్రణాళికలో మొదటి కారిడారు స్టీల్‌ప్లాంటు కూడలి నుంచి కొమ్మాదికి, 34.4 కిలోమీటర్లు, 29 స్టేషన్లు. రైలు ఇంకా రాలేదు గానీ అద్దె ముందే వచ్చేసింది. మెట్రో పక్కనే అన్న ధీమాతో ఓనరు అడ్వాన్సు పెంచుతాడు, మెట్రో పనుల కోసం రోడ్డు తవ్వేస్తారన్న భయంతో అద్దెదారు తగ్గించమంటాడు. రాని రైలుకు ఇద్దరూ చెరోవైపు నిలబడి బేరమాడతారు. నడకలో ఊరి పేరుకు న్యాయం చేస్తున్నది ఆ ఒక్క రైలే.

ఈ సూత్రాలన్నిటికీ కూడలిలో ఒక మినహాయింపు కనిపించింది. 2021 జనవరి 27న కేంద్ర క్యాబినెట్ ఆర్థిక వ్యవహారాల కమిటీ స్టీల్‌ప్లాంటులో నూరు శాతం వాటా అమ్మకానికి ఒప్పుకుంది. కొట్లవాళ్ల భాషలో చెప్పాలంటే తల్లి కొట్టుకే బోర్డు తగిలించారు. ఆ ఫిబ్రవరి 12న కార్మికులు కూడలిలో రిలే దీక్షల శిబిరం వేశారు. గ్రానైటు లేదు, షట్టరు లేదు, ముహూర్తం ఎవరూ పెట్టలేదు. వాసాలు, గుడ్డ, ప్లాస్టిక్ కుర్చీలు. వ్యాపార లక్షణాల ప్రకారం దానికి మొదటి వానాకాలం గండం. అది 2023 నవంబరులో వెయ్యి రోజులు దాటింది, 2024 డిసెంబరులో పద్నాలుగొందలు. 2025 జనవరిలో కేంద్రం ప్లాంటుకు 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. అమ్మకం నిర్ణయం రద్దయిందన్న కాగితం మాత్రం ఆ మూటలో లేదు.

దీక్ష ఎన్నో రోజో శిబిరం బ్యానరు మీద రాసేవారు, ఆ అంకె రోజూ మారేది. ఎదురుగా మూసిన షట్టర్ల మీదా అంకెలున్నాయి, పదేసి చొప్పున, మారకుండా. డయల్ చేస్తే ఓనరు ఎత్తుతాడు. ముందు అడ్వాన్సు సంగతి చెప్తాడు.